బూడిద రంగు చుక్క

లియెపాయ ఆసుపత్రి నేలమాళిగలో
పాత బాయిలర్ గది పక్కన
పదకొండు సర్వర్లు బుసకొడుతుంటాయి.
దాన్నే మేం మా మబ్బు అంటాం.
నేల కింద మబ్బు.
పైన బాల్టిక్ గాలి, ఉప్పు,
ఎవరి అనుమతీ అడక్కుండా వచ్చిపోయే అసలు మబ్బులు.

నేను సమావేశాల మినిట్స్ రాసేదాన్ని. నాకు ఓటు లేదు.
ఓటు లేనివాళ్లకి చెవులెక్కువ.

జనవరిలో పాత కంపెనీ లైసెన్సు ధర మూడింతలు చేసింది.
ఉత్తరం మర్యాదగానే ఉంది.
"మా విలువైన భాగస్వామికి" అని మొదలెట్టి
మూడో పేజీలో పీక పట్టుకుంది.
అగ్రిస్ ఆ కాగితాల్ని నాలుగు మడతలు పెట్టి
ఊగే బల్ల కాలి కింద దోపాడు.
ఆ కంపెనీ మాకు చేసిన స్థిరమైన మేలు
అదొక్కటే.

ఫిబ్రవరంతా వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ.
స్టాక్‌హోమ్ నుంచి ఒకాయన,
బూట్లకి మంచు కూడా అంటనివ్వని మనిషి,
అరచేతిలో వైకుంఠం చూపించాడు.
ఒక నొక్కుకి యంత్రం పుడుతుంది,
ఇంకో నొక్కుకి కాపురం మారుస్తుంది.
"బిల్లుకి ఏదీ నొక్కక్కర్లేదనుకుంటా"
అంది వెల్టా, తన ఫ్లాస్కు మూత బిగిస్తూ.
మబ్బులో నీళ్లు చూసి
ముంత ఒలకబోసుకునే మనిషి కాదామె.

కౌనస్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు, నలిగిన చొక్కాలు.
"మాదానికి ధర లేదు. చేతులు కావాలి."
ఎన్ని?
"మీకెన్ని ఉన్నాయి?"
ఇల్మార్స్ తన చేతుల వంక చూసుకున్నాడు.
రెండు. ఒకదానికి గాలం ముల్లు దిగి కట్టు.

జింత్రా దగ్గర పట్టిక ఉంది.
ధరకి నలభై మార్కులు, భద్రతకి ఇరవై అయిదు,
శిక్షణకి, మద్దతుకి, పేరుకి, ఊరికి.
రాత్రికి మాత్రం గడి లేదు.

వెల్టా పందొమ్మిదేళ్లుగా రాత్రి డ్యూటీ.
చేతికంటిన రై రొట్టె పొడి దులుపుకుని అడిగింది:
"లాగి చూడొచ్చా?"
ఏమిటి?
"వైరు."

లాగింది.

స్టాక్‌హోమ్ తెర మీద అంతా పచ్చ.
ఒక నిమిషం. పచ్చ.
రెండు. ఎవరో దగ్గారు.
నాలుగో నిమిషంలో కూడా చచ్చిన యంత్రం మీద
పచ్చిక మొలిచినంత పచ్చ.
"సగటు అయిదు నిమిషాలకోసారి తీస్తుంది, మార్చుకోవచ్చు,"
అన్నాడాయన. నిజమే అయ్యుంటుంది.

కుర్రాళ్ల తెర మీద పదకొండో సెకనుకి
ఒక చుక్క రంగు మారింది.
ఎరుపు కాదు. బూడిద.
కింద చిన్న అక్షరాలు: సమాచారం లేదు.

వెల్టా చాలాసేపు దాన్నే చూసింది,
ఎన్నాళ్లకో నిజం ఒప్పుకున్న చుట్టాన్ని చూసినట్టు.
"ఒకసారి నాలుగంతస్తులు పరిగెత్తాను,
రక్తం గ్రూపుల జాబితా చేత్తో పట్టుకుని," అంది.
"అప్పుడూ పచ్చగానే ఉంది."
తర్వాత ఏమైందో ఎవరూ అడగలేదు.
నేనూ రాయలేదు.

జింత్రా పట్టికలో ఒక వరస పెరిగింది:
తెలియదని చెప్పగలదా?
ఎన్ని మార్కులో తేల్చడానికి ఇంకో మూడు వారాలు.

కుర్రాళ్లదే ఎంచుకున్నాం.
తెలివైన పనో కాదో ఇంకా తెలీదు.
మార్పిడి అక్టోబరు దాకా సాగింది,
ఇద్దర్ని పెట్టుకున్నాం, ఒకడు రీగాకి పోయాడు,
ఇల్మార్స్ ఆ వేసవి చేపల వేటకే వెళ్లలేదు.

సంతకాల కోసం రాత్రి కిందికి దిగితే
వెల్టా తెర ముందు ఉంటుంది.
పచ్చైతే రొట్టె తింటుంది.
ఎరుపైతే ఫోను తీస్తుంది.
బూడిదైతే మాత్రం
ఎవరికీ చెప్పదు, టార్చి పట్టుకుని లేస్తుంది.

మొన్న ఆడిటర్లొచ్చి
పాత కంపెనీ ఉత్తరం ఫైల్లో ఉండాలన్నారు.
బల్ల కింద నుంచి లాగి, మడతలు సాపు చేసి ఇచ్చాను.
బల్ల మళ్లీ ఊగుతోంది.
ఇది రాస్తుంటే కూడా.